దక్షిణ సూడాన్ టూర్‌లో డ్యూటీ లేని గంటలు: క్యాంపులో వాలీబాల్ నుంచి ఎంటెబ్బే లీవు దాకా

మన సైన్యం నుంచి యూఎన్ శాంతిసేన టూర్‌కు, అంటే ఏడాది విదేశీ డ్యూటీకి, పేరు వచ్చిందనగానే కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న డబ్బు గురించి. రెండోది, "అక్కడ బయటికి వదుల్తారా?" అని. దక్షిణ సూడాన్ మిషన్ సంగతైతే, పెద్దగా వదలరు. రాజధాని జూబాలో ఉన్నా, మలకాల్‌లో ఉన్నా, బోర్‌లో ఉన్నా ఏడాది టూర్‌లో ఎక్కువ భాగం కంచె లోపలే గడుస్తుంది. బయటికి వెళ్లేది పెట్రోలింగ్‌కే. కాబట్టి సరదా అన్నది రెండు ముక్కలు: రోజూ క్యాంపులో దొరికే గంటన్నర, ఆరు నెలలకోసారి వచ్చే లీవు. చాలామంది లీవు గురించే ప్లాన్లు వేసుకుని గంటన్నరను గాలికొదిలేస్తారు. మొదటి మూడు నెలలు కొత్తదనంలో తెలియదు. నాలుగో నెల నుంచి నిద్ర తగ్గడం, చిన్నమాటకు పెద్దగొడవ, ఫోన్‌లో ఇంటివాళ్లమీద విసుక్కోవడం మొదలవుతాయి. అందుకే ముందు క్యాంపు సంగతి చూద్దాం.

గడియారం ముందు సరిచేసుకోండి

దక్షిణ సూడాన్ 2021 ఫిబ్రవరి 1న తన సమయాన్ని ఒక గంట వెనక్కి జరుపుకుంది. ఇప్పుడు మనకంటే మూడున్నర గంటలు వెనక. లీవుకు వెళ్లే ఉగాండా (ఎంటెబ్బే ఊరు అక్కడిదే) మాత్రం మనకంటే రెండున్నర గంటలే వెనక. ఈ రెండు అంకెలూ లాకర్ తలుపు మీద రాసి అంటించుకోండి. ఇంట్లో పిల్లలు పడుకునే రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడ సాయంత్రం ఐదు, సరిగ్గా ఆటల టైము. అక్కడ పొద్దున ఐదున్నరకు ఫోన్ చేస్తే ఇక్కడ తొమ్మిది, పిల్లలు బడికి వెళ్లిపోయి ఉంటారు. వారానికి రెండు రోజులు ఐదు గంటలకు ఫోను, మిగతా రోజులు ఆట అని ముందే పంచుకుని ఇంట్లో చెప్పేయండి. "ఖాళీ అయినప్పుడు చేస్తా" అన్న మాటే గొడవలకు మూలం. ఫలానా రోజు చేస్తానని చెప్తే, చేయని రోజున ఎదురుచూపు ఉండదు.

క్యాంపు వైఫై అందరిదీ. రాత్రి ఏడు నుంచి పది దాకా అందరూ వీడియో కాల్ మీదే ఉంటారు కాబట్టి బొమ్మ ఆగిపోతుంది. అప్పుడు వీడియో తీసేసి మాట మీద ఉండండి. సినిమాల డౌన్‌లోడ్ అర్ధరాత్రి దాటాక పెట్టుకోండి.

వాలీబాల్ కోర్టు

సైన్యంలో వాలీబాల్‌కు మించిన ఆట లేదు. చోటు తక్కువ చాలు, పన్నెండు మందికి ఒక బంతి సరిపోతుంది. కానీ బోర్ ఉన్న జోంగ్లే, మలకాల్ ఉన్న అప్పర్ నైల్ ప్రాంతాల నేల అచ్చం మన కర్నూలు, గుంటూరు నల్లరేగడి లాంటిదే. వాన పడితే బూటుకు కిలో బంక పడుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు. ఆ నేలమీద నేరుగా గీతలు గీసి ఆడితే జూన్‌కల్లా కోర్టు ఉండదు.

కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. చుట్టూ 3 మీటర్ల ఖాళీ కలుపుకుంటే 24కు 15, అంటే 360 చదరపు మీటర్లు. దాని మీద పది సెంటీమీటర్ల మందాన మొరం పరవాలి. దిమ్మిస చేశాక 36 ఘనపు మీటర్లు నిలవాలంటే వదులుగా 45 దాకా తోలించుకోవాలి. పది ఘనపు మీటర్ల టిప్పర్ అయితే నాలుగైదు ట్రిప్పులు. వానలు ఏప్రిల్, మే నెలల్లో పట్టుకుంటాయి కనుక ఫిబ్రవరిలోనే క్యాంపులోని సైనిక ఇంజనీర్ల దళంతో మాట్లాడి పెట్టుకోవాలి. మేలో అడిగితే వాళ్ల యంత్రాలన్నీ రోడ్లలో కూరుకుపోయి ఉంటాయి.

పరిచేటప్పుడు మధ్యలో ఎత్తు, రెండు పక్కలా వాలు ఉండాలి. పక్కకు ఏడున్నర మీటర్ల దూరానికి ఏడెనిమిది సెంటీమీటర్ల వాలు చాలు, అంతకంటే ఎక్కువైతే కాలికి తేడా తెలుస్తుంది. కోర్టు చుట్టూ జానెడు లోతు కాలువ తీసి క్యాంపు పెద్ద కాలువలో కలపండి. కాలువను అలాగే వదిలేస్తే నీళ్లు నిలిచి దోమలకు మనమే తొట్టి కట్టినట్టవుతుంది. కోర్టు పొడవు ఉత్తర దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే సాయంత్రం ఆటలో సగం మందికి సూర్యుడు కళ్లలోనే.

స్తంభాల దగ్గరే అందరూ తప్పు చేస్తారు. అడుగున్నర గుంత తీసి, తవ్విన నల్లమట్టినే మళ్లీ పోసి కుదిస్తారు. ఆ మట్టి తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకుని రెండు నెలల్లో స్తంభాన్ని లోపలికి వంచేస్తుంది. వల మధ్యలో జారుతుంది, దాన్ని బిగించే కొద్దీ స్తంభం ఇంకా వంగుతుంది. గుంత 90 సెంటీమీటర్లు తీసి, నల్లమట్టిని దూరంగా పారబోసి, కాంక్రీటో కనీసం కంకరో పోయాలి. స్తంభం పక్కగీతకు ఒక మీటరు అవతల ఉండాలి. వల ఎత్తు కోర్టు మధ్యలో కొలిస్తే 2 మీటర్ల 43 సెంటీమీటర్లు.

సర్వీసు చేసే రెండు చివర్లా మూడు నాలుగు మీటర్ల ఎత్తున పాత కామోఫ్లాజ్ వల కట్టండి. అందం కోసం కాదు. బంతి కంచె దాటితే దాన్ని తేవడానికి ఎవడో ఒకడు దూకుతాడు. ఆ దేశంలో కంచె అవతల నడవని నేలలో పేలని గుండ్లు, మైన్లు ఉండొచ్చు. ఎరుపు తెలుపు రంగు వేసిన రాళ్లు కనబడితే అది ప్రమాదం ఉన్నట్టు తేలిన చోటు, కనబడనంత మాత్రాన క్షేమమని కాదు. బయటపడ్డ బంతి పోయినట్టే లెక్క. డజను బంతులు తెచ్చుకోండి.

బంతిని కంటెయినర్‌లో పెట్టొద్దు. మధ్యాహ్నం ఇనుప కంటెయినర్ పొయ్యిలా కాలి, బంతి జిగురు వదిలి పొరలు లేస్తాయి. గాలి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.30 నుంచి 0.325 కిలోలు ఉండాలి. మీటరున్న పంపు లేకపోతే టైలర్ టేపుతో చుట్టుకొలత చూడండి, 65 నుంచి 67 సెంటీమీటర్లు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు నింపిన గాలి సాయంత్రానికి వేడికి పెరుగుతుంది, అందుకే ఆటకు ముందే చూసుకోవాలి. పంపు సూదులు పది తెచ్చుకోండి. విరిగేది అదే, అక్కడ దొరకనిదీ అదే. గుచ్చేముందు సూది తడపకపోతే బంతి వాల్వు చిరిగిపోతుంది.

ఆట నాలుగున్నరకు మొదలుపెట్టి ఐదూ నలభై ఐదుకు ఆపేయాలి. ఆరు గంటల ప్రాంతంలో పొద్దుగూకుతుంది, మలేరియా దోమ డ్యూటీ ఎక్కేది అప్పుడే. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, దోమల క్రీము పడ్డాకే బయట కూర్చోవడం. ఇక దెబ్బల్లో మొదటిది చీలమండ బెణుకు. వల కింద అవతలివాడి పాదం మీద దిగినప్పుడే ఎక్కువగా జరుగుతుంది. రిఫరీ మధ్యగీత రూల్ విషయంలో మొహమాటపడకూడదు. ఒక బెణుకు అంటే పెట్రోల్‌లో ఒక మనిషి తక్కువ, వాడి డ్యూటీ ఇంకొకడి నెత్తిన.

మిగతా ఆటలు, సినిమా

క్యారమ్ బోర్డు వానాకాలంలో తేమకు నెమ్ము పట్టి స్ట్రయికర్ సాగదు. బోర్డు పైన ఒక బల్బు వేలాడదీసి ఆటకు పావుగంట ముందు వెలిగించండి, ఆరిపోతుంది. పౌడరు కుమ్మరించడం వల్ల ప్రయోజనం లేదు, అది తేమతో కలిసి పేస్టవుతుంది. పేకాట ఆడుకోవచ్చు గానీ డబ్బు పెట్టొద్దు. సంక్రాంతి నాటి సరదా వేరు, ఏడాది పాటు పక్క మంచం మీద పడుకునేవాడికి బాకీ పడటం వేరు.

మెయిన్ క్యాంపు దాటి తాత్కాలిక పోస్టుల్లో వారాల తరబడి ఉండే వాళ్లనే అందరూ మర్చిపోతారు. వాళ్లతో ఒక ఇనుపపెట్టె పంపండి: రెండు బంతులు, పంపు, వల, చెస్, లూడో, సినిమాలు నింపిన హార్డ్ డిస్క్, చిన్న స్పీకరు. పెట్టెకు ఒకడి పేరు మీద లెక్క ఉండాలి. లేకపోతే రెండో ట్రిప్పుకు పంపు ఉండదు, బంతి ఉంటుంది.

సినిమా తెరకు కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. పాత ఫ్లెక్సీని తిరగేస్తే తెల్లని వెనకభాగం ఉంటుంది. పన్నెండు అడుగులకు ఎనిమిది అడుగుల ముక్క చాలు, నాలుగు అంచులా కన్నాలు పెట్టి ఫ్రేముకు తాడుతో బిగించండి. వదులుగా కడితే గాలికి హీరో ముఖం అలలాడుతుంది. జనరేటర్ మార్చే క్షణంలో కరెంటు పోయి వస్తుంది, ఆ దెబ్బకు ప్రొజెక్టర్ బల్బు ఆరి, వేడిగా ఉండగా ఫ్యాను ఆగి, చివరికి పగులుతుంది. ఒక కేవీఏ యూపీఎస్ మధ్యలో పెడితే ఆ బాధ లేదు. వానల్లో పురుగులు తెర నిండా వాలతాయి. ఇరవై అడుగుల దూరంలో ఇంకో బల్బు వెలిగించి ఉంచితే చాలావరకు అటు పోతాయి. భాష గొడవ పెట్టుకోకండి. తెలుగు సినిమాల హిందీ డబ్బింగులు హర్యానా, రాజస్థాన్ కుర్రాళ్లకు మనకంటే బాగా తెలుసు.

పండగలు

బడాఖానాలో, అంటే యూనిట్ అంతా కలిసి తినే విందులో, మన వంతుకు సాధారణంగా పులిహోరే వస్తుంది, ఎందుకంటే వేడిలో నిలిచేది అదొక్కటే. వంద మందికి పక్కవంటగా పది కిలోల బియ్యం, కిలో చింతపండు, లీటరుంపావు నూనె, కిలో వేరుశనగ గుళ్లు, అర కిలో పచ్చిమిర్చి, యాభై గ్రాముల పసుపు. కరివేపాకు మాత్రం ఎండబెట్టి ఇంటినుంచే తెచ్చుకోవాలి. చింతపండు అయిపోతే కంగారు పడకండి. చింతచెట్టు పుట్టిల్లే ఆఫ్రికా, అక్కడి అరబీలో దాన్ని అరదేబ్ అంటారు, దాంతో షర్బత్ చేసుకుంటారు. బయట సరుకు కొనడానికి మెస్ కమాండర్, డాక్టరు ఒప్పుకుంటేనే సుమా. ఇసుక ఎక్కువ కాబట్టి రసం రెండుసార్లు వడగట్టి, కాసేపు కదపకుండా ఉంచి పైతేట తీసుకోండి. అన్నం పూర్తిగా ఆరాకే కలపాలి. వేడి అన్నం గిన్నెల్లో కుక్కి మూతపెడితే నాలుగు గంటల్లో పుల్లవాసన, మర్నాడు లాట్రిన్ ముందు క్యూ.

మెడల్ పరేడ్‌కు సాంస్కృతిక కార్యక్రమం అడుగుతారు. మిషన్‌లో 90 రోజుల సర్వీసు నిండితే మెడల్‌కు అర్హత కనుక, ఎప్పుడు అడుగుతారో ముందే ఊహించొచ్చు. డప్పు తీసుకెళ్లేవాళ్లు తోలుది కాక ఫైబర్‌ది తీసుకెళ్లండి. తోలు డప్పు చెమ్మకు మెత్తబడితే మంట దగ్గర కాచాలి, క్యాంపులో నిప్పు వేయనివ్వరు. పైగా తోలు వస్తువంటే కస్టమ్స్ దగ్గర నిలబెట్టి అడుగుతారు. కోలాటం కర్రలు పన్నెండు జతలు ఒక కిట్ బ్యాగులో పడతాయి.

ఊళ్లోకి వెళ్లడం

జవాన్లకు జూబా ఊరు అంటే నెలకోసారి గుంపుగా, యూఎన్ బండిలో, అనుమతి ఉన్న దుకాణం దాకా వెళ్లి రావడం. అవుట్‌పాస్, బండి ట్రిప్ టికెట్, రేడియో, కర్ఫ్యూ టైము ఈ నాలుగూ సరిచూసుకునేది గ్రూప్ సీనియర్. ఔట్ ఆఫ్ బౌండ్స్, అంటే వెళ్లకూడని చోట్ల, జాబితా నెలనెలా మారుతుంది. పోయిన నెల టీ తాగిన హోటల్ ఈ నెల జాబితాలో ఉండొచ్చు, బయల్దేరే రోజునే చదవాలి. బోడా బోడా అనే అద్దె మోటార్ సైకిల్ ఎక్కకూడదు. బజారులో ఫోటోలు తీయొద్దు. వంతెన, ఎయిర్‌పోర్టు, పోలీసు, సైనికులు ఫ్రేములో పడితే ఫోను పోవడమే కాదు, రోజంతా స్టేషన్‌లో గడవొచ్చు. నైలు నది అందంగా ఉంటుంది, దిగకూడదు. మొసళ్లూ ఉన్నాయి, నీటిగుర్రాలూ ఉన్నాయి.

రోడ్డు దాటేటప్పుడు ఒక మాట. దక్షిణ సూడాన్‌లో బండ్లు కుడివైపున నడుస్తాయి. మనకు చిన్నప్పటినుంచీ ముందు కుడికి చూడటం అలవాటు, అక్కడ ముందు ఎడమకి చూడాలి. ఆరు నెలలకు అలవాటు పడ్డాక ఉగాండా వెళ్తే అక్కడ మళ్లీ మనలాగే ఎడమ. లీవు మొదటి రోజే ఎంటెబ్బే రోడ్డు మీద కాళ్లు తడబడేది ఇందుకే.

లీవు: వెనకనుంచి లెక్క

ఆరు నెలల కాలానికి 15 రోజుల దాకా తీసుకున్న లీవుకు యూఎన్ రోజుకు 10 డాలర్ల 50 సెంట్లు ఇస్తుంది. మొత్తం 157 డాలర్ల 50 సెంట్లు. దీన్ని నమ్ముకుని ప్లాన్ వేస్తే రెండో రోజుకే ఖాళీ. జీతంలో నుంచి ముందే పక్కన పెట్టుకోవాలి.

లీవు ప్లాను బయల్దేరే రోజు నుంచి వేయకూడదు. రిపోర్ట్ చేయాల్సిన రోజు కాగితం కింద రాసుకుని పైకి లెక్కపెట్టండి. ముందు, క్యాంపుకు వచ్చే ఆఖరి యూఎన్ ఫ్లైట్ ఏ రోజు? దాన్ని వదిలేసి దాని ముందుది పట్టుకోండి. ఎందుకంటే మట్టి రన్‌వే ఉన్నచోట ఒక గట్టివాన పడితే ఫ్లైట్ రద్దు, హెలికాప్టర్‌లో రోగుల తరలింపు ఉంటే మన సీటు రద్దు. ఆ తర్వాత జూబాలో ఒక రాత్రి. ఆ తర్వాత ఎంటెబ్బే నుంచి జూబాకు ఫ్లైట్. ఇలా వెనక్కి వస్తే 15 రోజుల్లో చేతికి మిగిలేది పది, పదకొండు. ఆ పదకొండుకే హోటలూ టూరూ బుక్ చేయాలి. ప్రయాణపు రోజులు లీవులో కలుస్తాయా లేదా అన్నది మంజూరు కాగితం మీదే ఉంటుంది, నోటిమాట నమ్మొద్దు. ఆలస్యమైతే "ఫ్లైట్ లేదు" అన్న జవాబు ఎస్‌ఎం సాబ్ (సుబేదార్ మేజర్) ఒక్కసారి వింటారు, రెండోసారి వినరు.

యూఎన్ ఫ్లైట్‌కు మూవ్‌మెంట్ ఫారం, అంటే ఎంఓపీ, గడువులోపు ఇవ్వాలి. అందులో పేరు ఐడీ కార్డు మీదున్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లతో చిక్కు ఇక్కడే వస్తుంది. ఐడీ మీద ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్ మీద పూర్తిగా, ఫారంలో వెనకా ముందుగా ఉంటే కౌంటర్ దగ్గర ఆపేస్తారు. మూడూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. సామాను బరువు ఫారం మీద రాసి ఉన్నంతే, ఒక్క కిలో ఎక్కువైనా దింపేస్తారు.

టికెట్ టైముల్లో గంట తేడా ఉందని మర్చిపోకండి. జూబాలో పదింటికి ఎక్కి గంట ప్రయాణించినా దిగేసరికి ఎంటెబ్బేలో పన్నెండు. వచ్చేటప్పుడు చేతి గడియారం జూబా టైములోనే ఉంటే చెక్-ఇన్ మూసేశాక చేరతారు. ఫోను తనంతట మారుతుంది, గడియారం మారదు.

జూబా నుంచి నిములే మీదుగా ఉగాండాకు తారురోడ్డు ఉంది, 192 కిలోమీటర్లు. చవకే. ఆ దారిలో దోపిడీ దాడులు పదేపదే జరిగాయి, లీవులో ఆ రోడ్డు మాటే ఎత్తొద్దు.

బ్యాగులో తప్పకుండా ఉండాల్సిన కాగితం పసుపురంగు కార్డు, అంటే ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్. ఉగాండాలోకి వెళ్లడానికి కావాలి. అంతకంటే ముఖ్యంగా, అక్కడినుంచి హైదరాబాద్‌లో దిగినా, ముంబైలో దిగినా మనవాళ్లు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు, ఇంటికి వచ్చిన లీవులో సగం అక్కడే. టీకా వేసిన పదిరోజుల తర్వాత నుంచి జీవితాంతం చెల్లుతుంది. ఫోటో కాదు, అసలు కార్డు కావాలి.

వీసా ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. మామూలు పాస్‌పోర్ట్‌కు ఉగాండా టూరిస్టు వీసా 50 డాలర్లు. ఏ పాస్‌పోర్ట్ మీద వెళ్లాలన్నది యూనిట్ ఆఫీసు క్లర్క్ చెప్పినట్టే చేయండి. తెల్ల అట్ట అఫిషియల్ పాస్‌పోర్ట్‌తో సొంత విహారాలు అనుమతి లేకుండా చేయకూడదు.

డాలర్లు 2006కు ముందు అచ్చయినవి ఉగాండాలో తీసుకోరు. 2013 తర్వాతవైతే ఇంకా నయం. మడత, సిరా మరక, చిరుగు ఉన్న నోటును తిరిగి చేతిలో పెడతారు. యాభై, వంద నోట్లకు మంచి రేటు, ఐదు పది నోట్లకు తక్కువ రేటు ఇస్తారు. అందుకే పెద్ద నోట్లు పుస్తకం మధ్యలో పెట్టి తెచ్చుకోండి. సిమ్ కార్డుకు పాస్‌పోర్ట్ చూపాలి. మన ఎయిర్‌టెల్ అక్కడా ఉంది గానీ ఇక్కడి సిమ్ అక్కడ లోకల్‌గా పనిచేయదు.

ఎంటెబ్బేలో ఏం చేయాలి

మొదటి రోజు ఏమీ పెట్టుకోవద్దు. స్నానం, నిద్ర, దోమతెర ఉన్న గది. ఆరు నెలల తర్వాత మెత్తటి పరుపు మీద నిద్ర పట్టకపోతే కంగారు పడొద్దు, రెండో రాత్రికి సర్దుకుంటుంది.

రెండు మూడు రోజులే ఉన్నవాళ్లు ఎంటెబ్బే దాటకపోవడమే మంచిది. విక్టోరియా సరస్సు ఒడ్డున 1898 నాటి బొటానికల్ గార్డెన్, దగ్గర్లోనే జంతువుల పార్కు ఉన్నాయి. అక్కడినుంచి 23 కిలోమీటర్ల దూరంలో సరస్సు మధ్య న్గాంబా దీవి, అనాథ చింపాంజీలను సాకే చోటు. పడవ ముందురోజే బుక్ చేయాలి, లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కొద్దు. కంపాలా 40 కిలోమీటర్లు, టోల్ కట్టి ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తే ట్రాఫిక్ తప్పుతుంది. గుడి, మన కిరాణా, ఇడ్లీ దోసె దొరికేది కంపాలాలోనే. 1972లో ఈదీ అమీన్ తరిమేసిన గుజరాతీలు చాలామంది మళ్లీ వచ్చారు, ఇప్పుడు తెలుగువాళ్లూ ఉన్నారు.

నాలుగైదు రోజులుంటే జింజా వెళ్లండి. కంపాలా నుంచి 80 కిలోమీటర్లే, అయినా మూడు గంటలు వేసుకోండి. నైలు నది సరస్సును వదిలి బయల్దేరే చోటు అది. 1948లో గాంధీజీ అస్థికల్లో కొంత భాగాన్ని అక్కడ కలిపారు. 1997లో ప్రధాని గుజ్రాల్ ఆవిష్కరించిన గాంధీ విగ్రహం ఒడ్డునే ఉంది. మలకాల్‌లో రోజూ చూసే నీళ్లు ఇక్కడినుంచే వచ్చాయని అక్కడ నిలబడితే అనిపిస్తుంది.

రాఫ్టింగ్ అక్కడే చేయిస్తారు. సరదాగానే ఉంటుంది, కానీ విక్టోరియా సరస్సులోనూ, ఆ నదిలోనూ నత్తల ద్వారా వచ్చే బిల్హార్జియా అనే పురుగు ఉంది. చర్మం గుండా లోపలికి దూరుతుంది, తర్వాత సబ్బుతో కడుక్కుంటే పోదు. నీళ్లలో దిగితే, దిగిన తేదీ రాసుకుని ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మెడికల్ ఆఫీసర్‌తో పరీక్ష చేయించుకోండి. మందు ఉంది, తెలిస్తేనే పని చేస్తుంది. దిగకపోయినా నష్టమేం లేదు, ఒడ్డునుంచి చూసినా నైలు నైలే.

మర్చిసన్ జలపాతం చూడాలంటే రెండు రాత్రులు తప్పనిసరి. ఏడు మీటర్ల సందులోంచి నది మొత్తం దూరి కిందపడే చోటు అది, ఆ దూరం వెళ్లినందుకు తగినదే. బ్విండి అడవిలోని గొరిల్లాలను మాత్రం వదిలేయండి. పర్మిటే 800 డాలర్లు, రోడ్డు మీద పోనూ రానూ రెండు రోజులు పోతాయి.

తిండికి ఇబ్బంది లేదు. రోడ్డుపక్క రోలెక్స్ అని అమ్ముతారు, ఆమ్లెట్‌ను చపాతీలో చుట్టి ఇస్తారు. గడియారం కాదు. చపాతీ మనవాళ్లు పట్టుకెళ్లిందే. పెనం మీంచి నేరుగా చేతికి వచ్చిందే తినండి. సీలు లేని సారా జోలికి పోవద్దు. దంతపు గాజులు, చిరుత తోలు లాంటివి ఎవరు ఎంత చవకగా ఇచ్చినా ముట్టొద్దు. అక్కడ కొనడమూ నేరమే, ఇక్కడ దిగాక 1972 వన్యప్రాణి చట్టం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇక అసలు మాట. యూఎన్ నియమాలు లీవులోనూ, సివిల్ బట్టల్లోనూ, ఉగాండాలోనూ వర్తిస్తాయి. 18 ఏళ్ల లోపు వారితో ఎలాంటి లైంగిక సంబంధమైనా నేరం, వయసు తెలియలేదన్నది సాకు కాదు. డబ్బుకో, బహుమతికో, ఉద్యోగం ఇప్పిస్తాననో సంబంధం పెట్టుకోవడం 2003 నాటి సెక్రటరీ జనరల్ ఉత్తర్వు ప్రకారం నిషేధం. ఫిర్యాదు వస్తే విచారణ, స్వదేశానికి తిప్పిపంపడం, ఆపైన ఆర్మీ చట్టం. గుంపులో ఒకడు దారి తప్పుతుంటే పట్టుకు లాక్కురావడం మిగతావాళ్ల పని. ఒంటరిగా తిరగొద్దని చెప్పేది దొంగల కోసం మాత్రమే కాదు.

ఫోటోలు తిరిగొచ్చాకే పెట్టుకోండి. పరుగు లెక్కపెట్టే యాప్‌లు ఇంట్లోనే తీసేసి రండి. 2018లో స్ట్రావా పటం మీద సైనికుల పరుగుల గీతలే ఎడారిలోని స్థావరాలను చూపించేశాయి. క్యాంపు కంచె చుట్టూ మీరు పరుగెత్తిన గీత కూడా అంతే స్పష్టంగా కనిపిస్తుంది.

మాత్రలు

లీవుకు ఇంటికొచ్చేవాళ్లలో చాలామంది విమానం ఎక్కగానే మలేరియా మాత్ర ఆపేస్తారు. "ఇక్కడ ఆ దోమ లేదుగా" అంటారు. దోమ కుట్టింది అక్కడ, పురుగు లివర్‌లో దాగి ఇక్కడ బయటపడుతుంది. డాక్సీసైక్లిన్ వాడేవాళ్లు ఆ ప్రాంతం వదిలాక కూడా నాలుగు వారాలు రోజూ వేసుకోవాలి. పదిహేను రోజుల లీవంటే అసలు ఆపే ప్రశ్నే లేదు. అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని అరగంట పడుకోకూడదు, పడుకుంటే గొంతు, గుండె మధ్య మంట. పాలతో వేసుకోకూడదు, ఒంటికి సరిగా పట్టదు. ఆ మాత్రకు ఎండ త్వరగా చర్మాన్ని కాలుస్తుంది, జింజా పడవలో టోపీ, నిండు చేతులు మర్చిపోవద్దు.

ఇంట్లో ఉండగా జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్ వేయించుకుని పడుకోవద్దు. వైరల్ అనుకుని రెండు రోజులు చూద్దామంటారు, అక్కడ ఎక్కువగా వచ్చే ఫాల్సిపారం రకం మలేరియా రెండు రోజులు ఆగదు. ఆ రోజే జిల్లా ఆస్పత్రికో, దగ్గర్లోని మిలిటరీ ఆస్పత్రికో వెళ్లి మొదటి మాటగా "దక్షిణ సూడాన్ నుంచి వచ్చాను, ఫాల్సిపారం టెస్ట్ చేయండి" అని చెప్పండి. మొదటి టెస్టులో ఏమీ లేదన్నా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చేయించండి. టూర్ ముగించి వచ్చాక కూడా ఏడాది దాకా ఏ జ్వరానికైనా ఇదే మాట చెప్పాలి. మీకు స్పృహ లేకపోతే చెప్పేది ఇంట్లోవాళ్లే కనుక, ఆ వాక్యం వాళ్లకూ రాసి ఇవ్వండి.